ఆల్బ్రెక్ట్ డ్యూరర్ చరిత్రము

పాఠశాలలలో చిత్రలేఖనమునకు ఒక గంటయు రేఖాగణితమునకు మరియొక గంటయు వేరువేరుగా ఏర్పరుపబడుచుండును. అందుచేత ఈ రెండు విద్యలకును సంబంధము లేదనియు, ఒకటి చేతి నేర్పునకును మరియొకటి బుద్ధి నేర్పునకును చెందినదనియు విద్యార్థులు తలంచుట సహజము. బొమ్మలు చక్కగా వ్రాయగల బాలుడు సిద్ధాంతములను చూచి భయపడును. సిద్ధాంతములను వల్లించిన బాలుడు ఒక చక్కని వంపుగీతను గీయలేక నవ్వులపాలగును. ఈ రెండు విద్యలను ఒక్క చేత పట్టి, ఏ పనికి ఏ మార్గము తగునో తన జీవితమంతయు విచారించిన మహనీయుడొకడు ఐదువందల సంవత్సరములకు పూర్వము జర్మనీదేశమున నుండెను. ఆయనయే ఆల్బ్రెక్ట్ డ్యూరర్. ఆయన చిత్రకారుడుగా లోకప్రసిద్ధుడు. ఆయన రేఖాగణిత గ్రంథకర్త యనియు, ఆ గ్రంథము పనివాండ్ర కొరకు వ్రాయబడినదనియు ఎరిగినవారు కొలదిమందియే.

డ్యూరర్ 1471వ సంవత్సరము మే నెల 21వ తేదీన న్యూరెంబర్గు నగరమున జన్మించెను. ఆయన తండ్రి కంసాలి. తండ్రి హంగరీ దేశము నుండి పనిని వెదకుకొనుచు బయలుదేరి, 1455లో న్యూరెంబర్గు చేరి, అచట నొక కంసాలి యొద్ద కుదిరి, తుదకు ఆ యజమానుని కుమార్తెయైన బార్బారాను వివాహమాడెను. ఆ దంపతులకు పదునెనిమిదిమంది బిడ్డలు కలిగిరి గాని, పెరిగి పెద్దవారైనవారు ముగ్గురు కుమారులు మాత్రమే. తండ్రి కష్టజీవి, దైవభక్తుడు. కుమారుని తన కొలిమి ప్రక్కనే కూర్చుండబెట్టి, వెండిమీదను బంగారముమీదను సన్నని గీతలు చెక్కుట నేర్పెను. గీత యొక్క విలువ డ్యూరరునకు మొదట తెలిసినది ఆ కొలిమి యొద్దనే. పదుమూడేండ్ల వయస్సున, 1484లో, ఆ బాలుడు అద్దములో తన ముఖమును చూచుకొని వెండిమొన గల కలముతో వ్రాసిన చిత్రము నేటికిని వియన్నా నగరమున భద్రముగా నున్నది. వెండిమొనతో గీచిన గీతను చెరపుటకు వీలులేదు. అట్టి సాధనముతో ఆ బాలుడు తన కంటిని, చేతి వ్రేలిని, తలవెండ్రుకలను తడబడకుండ గీచెను.

కుమారునకు కంసాలిపనికంటె చిత్రలేఖనమందే ఎక్కువ మక్కువ గలదని కనిపెట్టి, తండ్రి మొదట చింతించినను తరువాత అంగీకరించి, 1486లో మిఖాయేల్ వోల్గెముట్ అను చిత్రకారుని యొద్ద శిష్యునిగా చేర్చెను. అచట మూడేండ్లు రంగులు నూరుటయు, చెక్కపై బొమ్మలు వ్రాయుటయు నేర్చి, ఆ కాలపు ఆచారము ననుసరించి 1490లో దేశసంచారమునకు బయలుదేరెను. మార్టిన్ షోన్‌గావర్ అను గొప్ప చెక్కడపుపనివాని దర్శింపగోరి కోల్మారు చేరునప్పటికి ఆ గురువు మృతినొందియుండెను. డ్యూరర్ బాసెల్ నగరమున కొంతకాలము పనిచేసి, 1494లో ఇల్లు చేరి, ఆగ్నెస్ ఫ్రై అను కన్యను పెండ్లాడెను. ఆ వెనుకనే ఇటలీదేశమునకు మొదటిసారి ప్రయాణమయ్యెను. తిరిగి వచ్చిన పిదప, 1498లో, యోహాను వ్రాసిన ప్రకటన గ్రంథమునకు పదునైదు పెద్ద కొయ్యచెక్కడపు చిత్రములు చేసి అచ్చువేయించెను. వానితో ఆయన కీర్తి యూరపుఖండమున వ్యాపించెను.

ఇంత కీర్తి వచ్చినను డ్యూరరునకు తృప్తి కలుగలేదు. జాకొపో ద బార్బరి అను వెనీసు చిత్రకారుడు ఆయనకు కొలతలతో నిర్మించిన ఒక పురుషుని బొమ్మను, ఒక స్త్రీ బొమ్మను చూపెను. ఏ కొలతలతో అట్లు చేయవచ్చునో మాత్రము స్పష్టముగా చెప్పక దాచెను. ఆ రహస్యమును తెలిసికొనవలెనను కోరిక అప్పటినుండి డ్యూరరును విడువలేదు. ఆయన విత్రూవియసు అను పురాతన రోమను శిల్పశాస్త్రజ్ఞుని గ్రంథమును చదువనారంభించెను. ముఖము దేహపు ఎత్తులో పదియవ వంతనియు, తల ఎనిమిదియవ వంతనియు, చేతులు చాచిన మనుష్యుడు వృత్తమునందును చతురస్రమునందును ఇముడుననియు ఆ గ్రంథమున గలదు. ఈ మాటలను ఆధారము చేసికొని డ్యూరర్ కంపాసును రూళ్లకర్రను పట్టి, ఛాతీని చతురస్రముతోను, నడుము వంపులను వృత్తఖండములతోను కట్టుచు అనేక చిత్రములు గీచెను. ఈ కృషి ఫలమే 1504లో రాగిరేకుపై చెక్కిన ఆదాము హవ్వల చిత్రము. దేవుడు మొదట సృజించిన నరుని దేహము లోపములేనిదై యుండవలెను గదా. ఆ లోపములేని రూపమును కంపాసుతో కనుగొనగలనని ఆయన ఆనాడు నమ్మియుండెను.

1505లో డ్యూరర్ మరల వెనీసు నగరమునకు పోయి 1507 వరకు నుండెను. అచటి జర్మను వర్తకుల కొరకు గొప్ప చిత్రము నొకదానిని వ్రాసి ఇటలీవారి మెప్పును పొందెను. దగ్గరి వస్తువులు పెద్దవిగను దూరపు వస్తువులు చిన్నవిగను కనబడునట్లు చిత్రించు విద్య యొక్క మర్మమును నేర్చుకొనుటకై బొలోన్యాకు పోదలచితినని తన మిత్రుడైన విల్లిబాల్డ్ పిర్క్‌హైమరునకు వ్రాసెను. ఆ సంచారములోనే యూక్లిడు రేఖాగణితమును లాటిను భాషలో నొక ప్రతిని కొనెను. ముప్పదియైదేండ్ల వయస్సున, కీర్తిశిఖరము నెక్కిన చిత్రకారుడు, పాఠశాలలో బాలురు చదువు గ్రంథమును కొని, మొదటి ప్రతిపాదన నుండి చదువుట సామాన్యము కాదు. ఆయన లాటిను పాండిత్యము గొప్పది కాదు. తెలియని చోట్ల పండితుడగు పిర్క్‌హైమరును అడిగి తెలిసికొనెడివాడు. అడుగుటకు సిగ్గుపడలేదు.

1509లో ఆయన న్యూరెంబర్గు కోట దాపున నొక పెద్ద యింటిని కొనెను. అది మునుపు బెర్న్‌హార్డ్ వాల్తర్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుని యిల్లు. ఆ వాల్తర్ సంగ్రహించిన గ్రంథములలో కొన్నిటిని డ్యూరర్ 1523లో కొనెను. ఈ యింటియందే ఆయన జగత్ప్రసిద్ధములైన చెక్కడములను చేసెను. 1514లో చెక్కిన మెలెంకోలియా అను చిత్రమున, రెక్కలు గల యొక స్త్రీ చెంపను చేతికి ఆనించుకొని, మరియొక చేత కంపాసును పట్టి, పని చేయక కూర్చుండియున్నది. ఆమె చుట్టును రంపము, చిత్రికబల్ల, మేకులు, గోళము, పలుముఖములు గల పెద్ద రాయి పడియున్నవి. గోడపై పదునారు గడుల అంకెల చతురస్రము గలదు. అందు ఏ వరుసను కూడినను 34 వచ్చును. అడుగు వరుస నడిమి రెండు గడులలో ఆ సంవత్సరమును తెలుపు 15, 14 అను అంకెలే ఉన్నవి. పండితులు ఈ చిత్రమునకు బహువిధములైన అర్థములు చెప్పిరి. ఉపకరణములన్నియు చేతనుండియు, ఏమి చేయవలెనో తోచని బుద్ధి యొక్క దుఃఖమే ఇందు కనబడుచున్నదని చెప్పుట సమంజసముగా తోచును. ఆ యేటనే డ్యూరర్ తల్లి మరణించెను.

మరుసటి సంవత్సరము, అనగా 1515లో, ఆయన మన దేశమునకు సంబంధించిన చిత్రము నొకదానిని చేసెను. గుజరాతు సుల్తాను పోర్చుగీసువారికి ఇచ్చిన ఖడ్గమృగము గోవా నుండి ఓడపై ఆ యేటనే లిస్బను రేవు చేరెను. డ్యూరర్ ఆ మృగమును ఎన్నడును చూడలేదు. ఒకరు వ్రాసిన వర్ణనను, ఒక చిన్న నమూనాను మాత్రము ఆధారము చేసికొని కొయ్యపై చెక్కించెను. అందుచేత దాని చర్మము ఇనుపకవచమువలె పలకలుపలకలుగా నున్నది. వీపుపై లేని కొమ్ము నొకదానిని కూడ చేర్చెను. అయినను రెండు శతాబ్దములకు పైగా యూరపువారు ఖడ్గమృగము ఆ రీతిగనే యుండునని నమ్మిరి. ఆ సంవత్సరమే ఆయన యోహాన్ స్టాబియసు, కోన్రాడ్ హైన్‌ఫోగెల్ అను శాస్త్రజ్ఞులతో కలిసి, కొలతల ప్రకారము నక్షత్రములను నిలిపి, ఆకాశపటములను గీచెను. యూరపున అచ్చుపడిన నక్షత్రపటములలో అవియే మొదటివి. వినికిడి వలన గీచిన గీతకును కొలిచి గీచిన గీతకును గల భేదము ఈ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచిన తేటపడును.

ఆదాము హవ్వల కాలమున డ్యూరరునకు గల నమ్మకము ఏమయ్యెనో ఇపుడు చెప్పవలెను. ఆయన బలిసినవారిని, బక్కవారిని, పొట్టివారిని, పొడుగువారిని, పల్లెవారిని, పట్టణవారిని, పసిబిడ్డను కూడ కొలతలతో పరిశీలించి వ్రాసికొనుచు వచ్చెను. వీరిలో ఎవరును కంపాసుతో కట్టిన ఆ ఒక్క వృత్తములో ఇమిడినవారు కారు. అట్లని వీరిని వికారులని త్రోసివేయుటయు న్యాయము కాదు. ఆయన ముందు రెండు మార్గములుండెను. లోకమంతయు తప్పనియు తన వృత్తమే ఒప్పనియు చెప్పి, తాను సంపాదించిన సూత్రమును కాపాడుకొనుట ఒకటి. సూత్రమును విడిచి, లోకమును కొలుచుట రెండవది. పదిపండ్రెండేండ్ల శ్రమ మొదటి మార్గమునకే ధారపోయబడినది. అయినను ఆయన రెండవ దానినే పట్టెను. కంపాసుతో దేహపు వంపులను కట్టుట మానివేసి, దేహములోని ప్రతి భాగమును మొత్తము ఎత్తులో ఎన్నవ వంతో అంకెలతో చెప్పు రీతిని అవలంబించెను. ఏడు తలల ఎత్తు గల మోటు రైతు మొదలు పది తలల ఎత్తు గల సన్నని మనుష్యుని వరకు వేరువేరు జాతుల దేహములకు వేరువేరు పట్టికలు తయారుచేసెను. సంపూర్ణ సౌందర్యమేదో తనకు తెలియదనియు, అది దేవునికే తెలియుననియు వినయముతో ఒప్పుకొనెను. యౌవనమున తాను వెదకిన రహస్యము లేదని తెలిసికొని, ఆ సంగతిని దాచక పుస్తకములో వ్రాసిన ధైర్యము ఆయన చిత్రములకంటె తక్కువ మెచ్చదగినది కాదు.

1520లో ఆయన భార్యతో కూడ నెదర్లాండ్సు దేశమునకు పోయి మరుసటి యేటి వరకు నుండెను. జీలాండు తీరమున నొక పెద్ద తిమింగిలము ఒడ్డున పడెనని విని చూడబోగా, ఆయన చేరులోపలనే సముద్రము దానిని కొనిపోయెను. ఆ శీతల ప్రయాణము పిమ్మట ఆయనకు జ్వరవ్యాధి పట్టుకొనెను. అది ఆయనను తుదివరకు విడువలేదు. ఆ సంచారమునందే, 1521లో, మార్టిన్ లూథరును ఎవరో బంధించి కొనిపోయిరను వార్త విని, ఆయన తన దినచర్య పుస్తకమున మిగుల దుఃఖముతో వ్రాసికొనెను. లూథరు బోధ తన మనోవేదనలో తనకు సహాయమైనదని ఆయన అంతకు ముందే తెలిపియుండెను. 1525లో న్యూరెంబర్గు నగరము సంస్కరణ మతమును అంగీకరించెను.

ఆ 1525లోనే డ్యూరర్ తన రేఖాగణిత గ్రంథమును అచ్చువేయించి పిర్క్‌హైమరునకు అంకితమిచ్చెను. కంపాసుతోను రూళ్లకర్రతోను కొలుచుటకు ఉపదేశము అని దాని నామమునకు అర్థము. జర్మను చిత్రకారులకు చేతి నేర్పు సమృద్ధిగా నున్నదనియు, కొలతవిద్య లేకపోవుట వలననే వారి పనులలో తప్పులు దొరలుచున్నవనియు ఆయన అభిప్రాయము. ఈ గ్రంథము చిత్రకారులకే గాక కంసాలులకు, శిల్పులకు, రాతిపనివారికి, వడ్రంగులకును ఉపయోగపడవలెనని వ్రాసెను. పండితుల లాటినులో గాక తన మాతృభాషయందు వ్రాసెను. జర్మనులో శాస్త్రపదములు లేని చోట పనివాండ్ర మాటలనే తీసికొనెను. చుట్టలు తిరుగు గీతకు నత్తగీత యనియు, రెండు వృత్తములు ఒరసికొనిన చోట ఏర్పడు రూపమునకు చేపతిత్తి యనియు, పరవలయమునకు మండెడు గీత యనియు పేర్లు పెట్టెను. పరవలయపు అద్దము సూర్యకిరణములను ఒకచోట చేర్చి నిప్పు పుట్టించును గనుక ఆ పేరు తగియున్నది.

గ్రంథము నాలుగు భాగములు. మొదటి భాగమున వంపుగీతలను గూర్చి చెప్పెను. శంకువును అడ్డముగా, ఏటవాలుగా కోసిన కలుగు గీతలను, ఇల్లు కట్టువారు పైనుండి చూచిన పటమును ప్రక్కనుండి చూచిన పటమును గీయు రీతిని అనుసరించి, చుక్క వెంబడి చుక్కగా గీయుట నేర్పెను. ఈ రీతి సరియైనదే. అయినను శంకువు క్రిందికి పోనుపోను వెడల్పగును గనుక దీర్ఘవృత్తము కూడ క్రిందివైపున వెడల్పుగా నుండవలెనని ఆయన తలంచి, దానిని కోడిగ్రుడ్డు ఆకారముగా గీచి, గ్రుడ్డుగీత యని పేరుపెట్టెను. వాస్తవమునకు దీర్ఘవృత్తము రెండు కొనలును సమానముగనే యుండును. మార్గము సరియైనను, ఫలితమును ముందే ఊహించుకొనిన కన్ను చేతిని మోసగించినది.

రెండవ భాగము బహుభుజులను గూర్చినది. ఇందే గ్రంథకర్త మనస్సు చక్కగా తెలియును. ఐదు సమభుజములు గల ఆకారమునకు ఆయన రెండు మార్గములు చూపెను. మొదటిది ప్రాచీన గ్రీకు పండితుల మార్గము. అది పూర్తిగా నిజమైనదని నిరూపింపవచ్చును. రెండవది కంపాసు కాళ్లను ఒకసారి విప్పిన వెడల్పు నుండి కదల్పక, పనివాండ్రు త్వరగా గీయు మార్గము. దీనివలన భుజములైదును సమానముగనే వచ్చును గాని, 108 డిగ్రీలుండవలసిన అడుగు కోణము డిగ్రీలో మూడవ వంతుకంటె కొంచెము మించి ఎక్కువగును, శిఖర కోణము ఒక డిగ్రీకి పైగా పెరుగును. రాతిపై ఉలితో చెక్కువానికి ఈ భేదము కంటికి ఆనదు. సిద్ధాంతము నిరూపించువానికి మాత్రము అది తప్పే. సప్తభుజికి, వృత్తములో గీచిన సమబాహు త్రిభుజపు భుజములో సగమును తీసికొమ్మని చెప్పెను. ఇందలి తప్పు సుమారు ఐదువందలలో ఒక వంతు. కంపాసును రూళ్లకర్రను మాత్రమే ఉపయోగించి నిజమైన సప్తభుజిని గీయుట అసాధ్యమని 1837లో గాని సంపూర్ణముగా నిరూపింపబడలేదు. కాబట్టి పనివానికి ఆయన ఇచ్చిన సహాయము అల్పమైనది కాదు.

వృత్తమునకు సమానమైన వైశాల్యము గల చతురస్రమును గీచుటకు కూడ సులభమైన ఉపాయము చెప్పెను. వృత్తవ్యాసమును ఎనిమిది భాగములు చేసి, అట్టి పది భాగముల కర్ణము గల చతురస్రమును గీయవలెను. ఆ చతురస్రపు వైశాల్యము 50 భాగములగును. వృత్తపు వైశాల్యము 50 భాగములకు పైన సుమారు పావు భాగము మాత్రమే. ఇట్టి చోట్ల డ్యూరర్ ఇది పండితులు నిరూపించినది కాదనియు, పనికి చాలునట్టి మార్గమనియు చదువరికి తెలుపుటను మరువలేదు. నిరూపణ మార్గము వేరు, పని మార్గము వేరు. రెండును పనికివచ్చునవే. ఒకదానిని మరియొకటిగా చెప్పి అమ్ముట మాత్రము మోసము. ఈ వివేకమే ఆ గ్రంథమునకు ప్రాణము.

మూడవ భాగమున స్తంభములు, నీడగడియారములు, అక్షరములు వచ్చును. అక్షరములను గీయుటకు ఆయన చూపిన రెండు రీతులు మిగుల వినోదకరములు. గోడలపై చెక్కు రోమను అక్షరములను ఒక్కొక్కటిని ఒక్కొక్క చతురస్రములో నిలిపి, లావుగీత చతురస్రపు భుజములో పదియవ వంతుగను, సన్నగీత లావుగీతలో మూడవ వంతుగను ఏర్పరచి, వంపులన్నిటిని కంపాసుతో గీచెను. జర్మనులు వాడు నల్లని అక్షరములకు మాత్రము ఈ రీతి పనికిరాదు. వానికి చిన్నచిన్న చతురస్రములను ఇటుకలవలె ఒకదానిపై నొకటి పేర్చి, కొనలయందు చతురస్రమును మూలగా త్రిప్పి, ఆ అక్షరములను కట్టెను. రెండు లిపులకు ఒకే రేఖాగణితమును బలవంతముగా తొడుగలేదు. అక్షరము యొక్క స్వభావమును చూచి మార్గమును ఎన్నుకొనెను.

నాలుగవ భాగము ఘనరూపములను గూర్చినది. ఐదు సమఘనములను, మరికొన్ని రూపములను విప్పి, అన్ని ముఖములును ఒకే కాగితముపై పరచినట్లు పటములు గీచెను. ఆ పటమును కత్తిరించి మడిచినచో ఘనము నిలుచును. మన రేఖాగణిత తరగతులలో అట్టముక్కలతో ఘనములు చేయు బాలబాలికలు డ్యూరర్ చూపిన రీతినే అనుసరించుచున్నారు. గ్రంథాంతమున, దృష్టికి కనబడు రీతిగా వస్తువును చిత్రించుటకు కూడ రెండు మార్గములు చెప్పెను. పటములనుండి గీతలను లాగి లెక్క ప్రకారము నిర్మించుట ఒకటి. రెండవది యంత్రసహాయము. గోడకు కొట్టిన మేకునుండి నొక దారమును లాగి, చట్రము నడుమగా పోనిచ్చి, బల్లపై నున్న వీణవంటి వాద్యముపై దారపు కొనను ఒకడు ఆనించును. దారము చట్రమును దాటు చోటును మరియొకడు గుర్తించి, కీలుతలుపుపై నున్న కాగితమున చుక్క పెట్టును. ఇట్లు చుక్కలన్నియు కలిపిన వాద్యపు రూపము ఏర్పడును. లెక్క తెలియనివానికి కూడ ఈ దారము సత్యమునే చెప్పును.

1526లో డ్యూరర్ యోహాను, పేతురు, మార్కు, పౌలు అను నలుగురి నిలువెత్తు రూపములను రెండు పలకలపై చిత్రించి, తన నగరసభకు కానుకగా సమర్పించెను. అబద్ధ ప్రవక్తలను గూర్చి హెచ్చరించు వాక్యములను లూథరు అనువాదమునుండి తీసి ఆ చిత్రముల క్రింద వ్రాయించెను. ఇందు నలుగురును నాలుగు విధములుగా నుందురు. యౌవనుడు, వృద్ధుడు, ఉద్రేకి, గంభీరుడు ఒక్క కొలతలో ఇమడరు. సకల విధములైన మనుష్యులకును స్థలమిచ్చిన ఆయన కొలతవిద్య ఈ పలకలయందే పరిపూర్ణమైనది. అవి నేడు మ్యూనికు నగరమున నున్నవి.

1527లో కోటల నిర్మాణమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, మనుష్యదేహపు కొలతలను గూర్చిన నాలుగు భాగముల గ్రంథమును అచ్చుకు సిద్ధపరచుచుండగా, 1528వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన డ్యూరర్ ఏబదియారేండ్ల వయస్సున మరణించెను. న్యూరెంబర్గులోని పరిశుద్ధ యోహాను శ్మశానమున ఆయన దేహమును సమాధిచేసిరి. ఆ గ్రంథమును ఆయన భార్య ఆగ్నెస్ ఆ యేడు అక్టోబరులో వెలువరించెను. అందులో మొదటి భాగము ఎత్తులోని వంతులతోను, రెండవ భాగము 600 సమభాగములుగా విభజించిన కొలకర్రతోను దేహములను నిర్ణయించుచున్నది. మూడవ భాగము ఆ కొలతలను మార్చు రీతులను చెప్పుచున్నది. నాలుగవ భాగము తల, రొమ్ము మొదలగువానిని పెట్టెలవలె భావించి, కదలిక గల దేహమును గీయు విధమును చూపుచున్నది. చిత్రకారుని ఆస్తి వేదాంతవిద్య నభ్యసించు బీద విద్యార్థులకు కూడ తోడ్పడెను. వారి కొరకు విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆగ్నెస్ ఒక నిధిని ఏర్పరచెను. ఆమె 1539లో మరణించెను. ఆ దంపతుల యిల్లు నేడు ప్రదర్శనశాలయై యున్నది.

విద్యార్థులారా, నేడు మీరు కంప్యూటరుపై బొమ్మలు గీయుచున్నారు. ఆ తెరపై అక్షరమును నిలుపుటకు నేటికిని రెండు మార్గములే ప్రధానములు. చిన్న చతురస్రములను పేర్చి రూపమును కట్టుట ఒకటి. కొన్ని బిందువులను నిర్ణయించి వానిని వంపుగీతలతో కలుపుట మరియొకటి. గుండ్రని మన తెలుగక్షరములు రెండవ రీతిచేత ఎంత పెద్దవిగా చేసినను నునుపు చెడకుండ నిలుచును. తెరపై వృత్తముగా కనబడునది అనేకమారులు పెక్కు భుజములు గల బహుభుజియే. కంటికి చాలినంత మట్టుకే యంత్రము దానిని గీయును. డ్యూరర్ ఎదుర్కొనిన ప్రశ్నయే మీ ఎదుటను ఉన్నది. ఈ పనికి నిరూపణ కావలెనా, ఉజ్జాయింపు చాలునా? వృత్తము తగునా, చతురస్రము తగునా? ఈ ప్రశ్నకు యంత్రము జవాబు చెప్పదు. గీయువాడు తాను చేయు పనిని ఎరిగి చెప్పవలెను.

బార్బరి తనకు తెలిసిన దానిని దాచెను. డ్యూరర్ తనకు తెలిసిన దానినంతయు, తనకు తెలియదను సంగతిని కూడ, వడ్రంగికి సయితము అర్థమగు భాషలో అచ్చువేసి పంచిపెట్టెను. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మనమందరము ఎరిగినదే. కంసాలి కొలిమి యొద్ద ఒక బాలునకు దొరికిన తలాంతు ఎన్నివిధముల వృద్ధిపొందెనో ఈ చరిత్రము తెలుపుచున్నది. మన బాలబాలికలు చిత్రలేఖనపు గంటలో రేఖాగణితమును, రేఖాగణితపు గంటలో చేతిపనిని జ్ఞాపకముంచుకొని, తాము గీచిన ప్రతి గీతను గూర్చి అది నిరూపితమైనదో, పనికి చాలినదో నిజము చెప్పగలవారై యుందురుగాక.